ఇంట్లో చేసిన తీపి బన్నులు మర్నాటికి కూడా మెత్తగా ఉండాలంటే

తీపి బన్నులు గట్టిపడుతున్నాయంటూ మీరు రాసిన వివరాలు ముందు ఒకసారి చెప్పుకుందాం. మూడు కప్పుల మైదా, కప్పు వేడి పాలు, అరకప్పు చక్కెర, రెండు టీస్పూన్ల ఈస్ట్, కాస్త నూనె. ముద్ద చేతికి అంటుకుంటోందని ఇంకో అరకప్పు మైదా చల్లి కలిపారు. మే నెలలో, విజయవాడ ఎండలో, రెండు గంటలు మూతపెట్టి ఉంచారు. ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, 200 డిగ్రీల దగ్గర అరగంట కాల్చారు. వేడిగా తిన్నప్పుడు బాగానే ఉన్నాయి. సాయంత్రానికి గట్టిపడ్డాయి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీస్తే కోస్తుంటేనే పొడిపొడిగా రాలాయి, పైగా కల్లు వాసన. ఈస్ట్ మంచిది కాదేమో, ఏ కంపెనీది కొనాలి అని అడిగారు. వచ్చే ఆదివారం పాప పుట్టినరోజుకి చేయాలనుకుంటున్నానని, ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

మీ ఈస్ట్ మంచిదేనండి. పిండి పొంగింది, కల్లు వాసన కూడా వచ్చింది అంటే అది బతికే ఉంది, చేయాల్సిన పనికన్నా ఎక్కువే చేసింది. కంపెనీ మార్చినా మీ బన్నులు ఇలాగే వస్తాయి.

ఇరవై ఏళ్ళుగా ఇంట్లో బ్రెడ్డూ బన్నులూ చేస్తున్నాను, చాలామందికి నేర్పాను కూడా. గట్టి బన్ను ఎవరు తెచ్చి చూపించినా నేను వెతికేది ఒక్కటే: ఇందులో నీళ్ళు ఎక్కడ పోయాయి? బన్ను మెత్తగా ఉండటం అంటే లోపల నీళ్ళు నిలిచి ఉండటమే. వెన్న, చక్కెర, గుడ్డు దానికి సాయం చేస్తాయి కానీ, నీళ్ళు లేని చోట అవి మెత్తదనాన్ని పుట్టించలేవు. మీరు చేసిన పద్ధతిలో ముఖ్యంగా నాలుగు చోట్ల నీళ్ళు పోయాయి. పిండి కొలతలో, పొడి పిండి చల్లడంలో, ఎక్కువసేపు కాల్చడంలో, చివరికి ఫ్రిజ్‌లో. ఫ్రిజ్‌లో నిజానికి నీళ్ళు బయటికి పోవు, ఉన్నచోటే పనికిరాకుండా పోతాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదట కొలత. డబ్బాలో కప్పు ముంచి తీస్తే మైదా అదిమినట్టు నిండుతుంది, దాదాపు 150 గ్రాములు తూగుతుంది. అదే పిండిని గరిటెతో వదులుగా కప్పులో పోస్తే 120 గ్రాముల దగ్గర ఆగుతుంది. మూడు కప్పులకి తేడా 90 గ్రాములు. మీరు చల్లిన అరకప్పు కూడా కలిపితే, వంటకం రాసినవారు అనుకున్నదానికన్నా 150 గ్రాముల పిండి ఎక్కువ పడి ఉండొచ్చు. పాలు మాత్రం అదే కప్పు. ఆ ముద్దలోంచి మెత్తటి బన్ను రావడం ఎవరి చేతిలోనైనా కష్టమే. అందుకే నా మొదటి సలహా: ఈస్ట్ కోసం పెట్టే డబ్బుతో ఒక డిజిటల్ కాటా కొనుక్కోండి. వంటింటి కాటా అంత ఖరీదేమీ కాదు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. బేకరీ మాస్టర్లు ఎవరూ కప్పులతో కొలవరు. మైదాని నూరు అనుకుని, మిగతావన్నీ దానికి ఇంత శాతం అని లెక్కగడతారు.

ఆ లెక్కలోనే నా కొలతలు ఇస్తాను. మైదా మొత్తం 400 గ్రాములు. చక్కెర 60 గ్రాములు, అంటే పిండిలో 15 శాతం. ఉప్పు 6 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్ట్ 6 గ్రాములు, అది రెండు టీస్పూన్లు. కాచి చల్లార్చిన పాలు 120 మిల్లీలీటర్లు, ఒక గుడ్డు, వెన్న 45 గ్రాములు. ఈ మైదాలోంచే కొంచెం తీసి గంజి కాయడానికి (ఎందుకో కింద చెబుతాను) నీళ్ళు 125 మిల్లీలీటర్లు. దీంతో ఒక్కొక్కటి 65 గ్రాముల చొప్పున పన్నెండు బన్నులు వస్తాయి, 9 అంగుళాల చదరపు టిన్నులో సరిగ్గా పడతాయి. గుడ్డు తినని ఇల్లయితే దాని బదులు ఇంకో 40 మిల్లీలీటర్ల పాలు, ఒక చెంచా కమ్మటి పెరుగు వేయండి. రంగు కాస్త తగ్గుతుంది, మెత్తదనం తగ్గదు.

మీరు వేసిన అరకప్పు చక్కెర 100 గ్రాములు. ఎక్కువ చక్కెర వేస్తే బన్ను ఎక్కువ మెత్తగా వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ చక్కెర నీళ్ళని తనవైపు లాక్కుంటుంది. మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట ఎలా దిగుతుందో, చక్కెర ఎక్కువైన ముద్దలో ఈస్ట్ కణాల్లోంచి నీళ్ళు అలా బయటికి వస్తాయి. ఈస్ట్ పని మందగిస్తుంది. పిండిలో పది శాతం దాటిన దగ్గర్నుంచే ఈ ప్రభావం కనిపిస్తుంది. తీపి పిండి కోసమే తయారుచేసే ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒకటుంది, సాఫ్ కంపెనీలో బంగారు రంగు ప్యాకెట్ అది, ఎరుపు రంగుది మామూలు బ్రెడ్డుకి. కానీ 15 శాతం చక్కెరకి మామూలు ఈస్ట్ చాలు, కాస్త ఎక్కువ సమయం ఇస్తే సరిపోతుంది. ఇంకా తీపి కావాలంటే లోపల కూరే కొబ్బరి లాంటివాటిలోనో, పైన పూతలోనో వేసుకోండి.

ఇప్పుడు గంజి సంగతి. మీ ఇంట్లో ఎవరైనా జొన్న రొట్టెలు చేసేవాళ్ళుంటే వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. జొన్నపిండిలో గోధుమలో ఉండే సాగుడు ఉండదు, చన్నీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. మసిలే నీళ్ళు పోసి కలిపితే పిండి కొంత ఉడికి, జిగురొచ్చి, రొట్టె తట్టడానికి వీలవుతుంది, కాల్చాక మెత్తగా ఉంటుంది. ఉడికిన పిండి పచ్చిపిండికన్నా ఎన్నోరెట్లు నీళ్ళు పట్టుకుంటుంది. జపాన్‌లోనూ చైనాలోనూ మెత్తటి పాల బ్రెడ్డు చేసేవాళ్ళు వాడే కిటుకు ఇదే. దాన్ని టాంగ్‌జోంగ్ అంటారు. ఒక వంతు మైదాకి ఐదు వంతుల నీళ్ళు కలిపి, 65 డిగ్రీల వేడి దాకా కాస్తారు.

థర్మామీటరు లేకపోయినా ఫర్వాలేదు. 400 గ్రాముల మైదాలోంచి 25 గ్రాములు తీసి, 125 మిల్లీలీటర్ల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, చిన్న మంట మీద గరిటెతో తిప్పుతూ ఉండండి. రెండు మూడు నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటె లాగితే గిన్నె అడుగు ఒక గీతలా కనిపించి, మెల్లగా మూసుకుంటుంది. అప్పుడు దించేయండి. చంటిపిల్లలకి పెట్టే ఉగ్గు అంత చిక్కన. చర్మం కట్టకుండా మూతపెట్టి పూర్తిగా చల్లార్చండి. ఈ ఒక్క పని మీ బన్నుకి ఇంకో రోజు ఆయుష్షు ఇస్తుంది. నేను ఇది నేర్చుకోకముందు చేసిన బన్నులకీ, తర్వాతవాటికీ తేడా మా ఇంట్లో పిల్లలే కనిపెట్టారు.

పాల విషయంలో మన ఇళ్ళలో ఒక మేలుంది. పచ్చిపాలలో ఉండే కొన్ని ప్రోటీన్లు గోధుమ పిండి సాగుడుని బలహీనం చేస్తాయి, పాలు కాచితే ఆ గుణం పోతుంది. మనం ఎలాగూ పాలు కాచకుండా వాడం. కాచిన పాలు చల్లార్చి వాడటం మాత్రం మరవకండి. ఈస్ట్ బతికున్న జీవి, 55, 60 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది. మీరు వేడి పాలు పోసినా అది బతికిందంటే, పాలు అంత వేడిగా లేవన్నమాట. ఈసారి ఆ సాహసం వద్దు. చలికాలంలో గోరువెచ్చగా, ఇప్పుడు మే నెలలో అయితే నేరుగా ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు. చల్లటి పాలంటే చాలామంది నమ్మరు. ముద్ద 26, 27 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఈస్ట్ నిదానంగా, రుచిగా పనిచేస్తుంది. వంటగదే 38 డిగ్రీలు ఉన్నప్పుడు, పిండి అంతే వేడిగా ఉన్నప్పుడు, పిసికే చేతి వేడి కూడా తోడైనప్పుడు, పాలు చల్లగా ఉంటేనే ముద్ద ఆ వేడికి దిగుతుంది.

మీ ముద్ద కల్లు వాసన రావడానికి కారణం ఇదే. ఈస్ట్ చక్కెరని తిని రెండు వస్తువులు వదులుతుంది. ఒకటి బన్నుని పొంగించే గాలి, రెండోది ఆల్కహాలు. తాటికల్లు పొంగేదీ ఈస్ట్ వల్లనే. గోవాలో ఒకప్పుడు పావ్ చేసేవాళ్ళు పిండిని కల్లుతోనే పొంగించేవారు. వేడి ఎక్కువై, సమయం ఎక్కువైతే ఆల్కహాలు, పులుపు పేరుకుంటాయి, గాలిని పట్టి ఉంచిన పిండి తెరలు తెగిపోతాయి. అలాంటి బన్ను పైకి పెద్దగానే ఉంటుంది, లోపల మాత్రం పెద్ద పెద్ద బొరియలతో గరుకుగా ఉంటుంది, త్వరగా ఎండిపోతుంది. మీరు పొడిపొడిగా రాలింది అన్నారే, అది సగం ఇందువల్ల.

సరే, కలపడానికి వద్దాం. ఎక్కువగా చెప్పాల్సింది ఇక్కడే.

వెన్న, ఉప్పు పక్కన పెట్టి, మిగతావన్నీ గిన్నెలో వేసి పొడి పిండి కనిపించకుండా కలపండి, అంతే. పిసకొద్దు. మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. మైదాలోని ప్రోటీన్లు నీళ్ళు పీల్చుకుని వాటంతట అవే గ్లూటెన్‌గా, అంటే పిండికి సాగుడునిచ్చే వలలా, అల్లుకోవడం మొదలుపెడతాయి. ఇరవై నిమిషాల తర్వాత తాకి చూస్తే, మీరు ఏమీ చేయకుండానే ముద్ద నున్నబడి ఉంటుంది. చపాతీ పిండి కలిపి కాసేపు నాననిస్తాం కదా, అదే సూత్రం.

అప్పుడు ఉప్పు వేసి పిసకడం మొదలుపెట్టండి. ముద్ద చేతికి అంటుకుంటుంది. తప్పకుండా అంటుకుంటుంది. అంటుకోవాలి కూడా. చపాతీ పిండి అలవాటున్న చేతులకి ఇది తప్పులా అనిపిస్తుంది, చెయ్యి తనంతట తానే పిండి డబ్బా వైపు వెళ్తుంది. దయచేసి డబ్బా వేరే గదిలో పెట్టి రండి. మీరు చల్లే ప్రతి గుప్పెడు పిండీ రేపటి బన్నులోంచి నీళ్ళు లాగేస్తుంది. పిండికి బదులు చేతికి కాస్త నూనె రాసుకోండి. గట్టు మీద అంటుకున్నదాన్ని అట్లకాడతో గీరి మళ్ళీ ముద్దలో కలపండి.

పద్ధతి ఇలా. ముద్దని రెండు చేతులతో ఎత్తి, గట్టు మీద కొడుతున్నట్టు వేసి, మీవైపు ఉన్న అంచుని సాగదీసి, అవతలికి మడవండి. పావు మలుపు తిప్పండి. మళ్ళీ ఎత్తి, కొట్టి, మడవండి. మొదటి ఐదు నిమిషాలు అంతా పాడైపోయిందనే అనిపిస్తుంది. ఏడెనిమిది నిమిషాలకి గట్టుని వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు మెత్తటి వెన్న చెంచా చొప్పున వేస్తూ పిసకండి. వెన్న మొదటే వేయకపోవడానికి కారణముంది: కొవ్వు పిండి రేణువులకి పూతలా పట్టేస్తే గ్లూటెన్ అల్లుకోవడం కష్టమవుతుంది. వెన్న వేయగానే ముద్ద మళ్ళీ చెదిరినట్టు అవుతుంది, కంగారు పడకండి, రెండు నిమిషాల్లో కూడుకుంటుంది. మొత్తం పదిహేను నిమిషాలు పడుతుంది. చేతులు నొప్పెడితే మధ్యలో ఐదు నిమిషాలు ఆపండి, ముద్దకి విశ్రాంతి మంచిదే. స్టాండ్ మిక్సర్ ఉంటే చిన్న స్పీడులో పది నిమిషాలు చాలు.

అయిందా లేదా అని గడియారం చూడొద్దు. నిమ్మకాయంత ముద్ద తీసి, వేళ్ళతో నాలుగువైపులా మెల్లగా సాగదీయండి. చిరిగిపోకుండా పల్చటి తెరలా సాగి, వెనక మీ వేళ్ళ నీడ కనిపించాలి. చిరిగితే ఇంకో మూడు నిమిషాలు పిసకండి. ఈ తెరే రేపు గాలినీ తేమనీ పట్టి ఉంచేది. మన మైదాలో ప్రోటీన్ సాధారణంగా 10, 11 శాతం ఉంటుంది. విదేశాల్లో బ్రెడ్డు పిండి అని అమ్మేదానికన్నా కొంచెం తక్కువ. బన్నులకి ఇది చాలు. ప్యాకెట్ వెనక చూసి 11కి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. అమెరికాలో ఉన్న మా అక్క ఇవే కొలతలతో అక్కడి బ్రెడ్డు పిండి వాడితే ముద్ద గట్టిగా వచ్చిందంది, పాలు 20 మిల్లీలీటర్లు పెంచాక సరిపోయింది. గోధుమపిండి కలపాలనుకుంటే మూడో వంతు మించొద్దు. అందులోని పొట్టు ఈ తెరల్ని కోస్తుంది.

మొదటి పొంగు. నూనె రాసిన గిన్నెలో పెట్టి మూత పెట్టండి. వంటకాల్లో గంట, రెండు గంటలు అని రాస్తారు, ఆ అంకెని నమ్మొద్దు. ఇడ్లీ పిండి డిసెంబరులో పొంగడానికి ఎంతసేపు, మే నెలలో ఎంతసేపు? ఇదీ అంతే. ఇప్పుడు విజయవాడలో నలభై నిమిషాలకే రెట్టింపవుతుంది, డిసెంబరులో హైదరాబాద్‌లో అయితే గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. రెట్టింపయ్యాక వేలికి పిండి అద్దుకుని ముద్దలో గుచ్చి తీయండి. గుంట వెంటనే మూసుకుపోతే ఇంకా టైమ్ ఉంది. మెల్లగా సగం పైకి వచ్చి ఆగితే సరిగ్గా ఉంది. గుంట అలాగే ఉండి, చుట్టూ ముద్ద కుంగితే మించిపోయింది. మించిపోయినా పారేయకండి, గాలి తీసి వెంటనే బన్నులు చుట్టేసి, రెండో పొంగు తక్కువసేపు ఉంచండి. రుచి కొంచెం పులుస్తుంది కానీ తినొచ్చు.

గాలి తీసి, కాటా మీద 65 గ్రాముల ముక్కలు చేయండి. సమానంగా ఉంటేనే అన్నీ ఒకేసారి కాలుతాయి. ఒక్కో ముక్క అంచుల్ని మధ్యలోకి మడిచి, మడత కిందికి వచ్చేలా తిప్పి, గట్టు మీద అరచేతిని గూడులా పెట్టి గుండ్రంగా తిప్పండి. పైన చర్మం బిగుతుగా, నున్నగా రావాలి. ఇక్కడ గట్టు మీద పిండి అస్సలు ఉండకూడదు, ముద్ద గట్టుకి కొంచెం పట్టుకుంటేనే బిగుతు వస్తుంది. వెన్న రాసిన టిన్నులో వరసకి మూడు చొప్పున, మధ్య వేలెడు సందు వదిలి పేర్చండి. పొంగినప్పుడు ఒకదానికొకటి తగిలి, పక్కలు అంటుకోవాలి. అంటుకున్న పక్కల్లో పెంకు కట్టదు, ఆవిరి పోదు. బేకరీలో బన్నులు పలకలా కలిసి ఉండి, విడదీస్తే పీచులా సాగుతాయే, అందుకు కారణం ఇదే. మీరు ప్లేటులో దూరదూరంగా పెట్టి కాల్చానన్నారు. బిస్కెట్లకి అది మంచిది, బన్నులకి కాదు.

రెండో పొంగు ఈ ఎండలో పాతిక, ముప్పై నిమిషాలు. బన్నులు ఉబ్బి, పక్కవాటికి ఆనుకుని, వేలితో మెల్లగా తాకితే చిన్న గుంట పడి నిదానంగా పైకి వస్తే ఓవెన్‌కి సిద్ధం. ఓటీజీని ఇరవై నిమిషాలు ముందే 180 డిగ్రీలకి, పై కడ్డీ, కింది కడ్డీ రెండూ ఆన్ చేసి వేడెక్కనివ్వండి. పైన పాలు కానీ, గుడ్డులో చెంచా పాలు కలిపి కానీ బ్రష్‌తో పూయండి. పాల పూత మెత్తటి లేత రంగు ఇస్తుంది, గుడ్డు పూత మెరుపు.

ఇంటి ఓటీజీల్లో మీట మీద రాసిన వేడికీ లోపలి వేడికీ 15, 20 డిగ్రీల తేడా మామూలే. మీది 200 మీద పెడితే లోపల 220 ఉండి ఉండొచ్చు, అక్కడ అరగంట ఉంచితే బన్ను ఎండిపోకుండా ఎలా ఉంటుంది? లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటరు దొరుకుతుంది, కాటా తర్వాత కొనాల్సింది అదే. 180లో మధ్య అరలో 18 నుంచి 22 నిమిషాలు. పాలు, చక్కెర ఉన్న పిండి త్వరగా రంగు తిరుగుతుంది. పన్నెండో నిమిషానికే పైన ఎర్రబడితే అల్యూమినియం రేకు వదులుగా కప్పండి, తలుపు మాత్రం పదే పదే తెరవొద్దు. గుచ్చే థర్మామీటరు ఉంటే మధ్య బన్ను లోపల 90 డిగ్రీలు వచ్చిందంటే అయిపోయినట్టే. లేకపోతే మధ్యలోని రెండు బన్నుల సందు కొంచెం విడదీసి చూడండి. తడి పిండిలా మెరవకుండా, పీచులా కనిపించాలి. ఓవెన్ లేనివాళ్ళు మందపాటి బాణలిలో ఇసుక కానీ ఉప్పు కానీ పోసి, స్టాండు పెట్టి, మూతవేసి చిన్న మంట మీద అరగంట దాకా కాల్చుకోవచ్చు. పైన రంగు రాదు, లోపల మెత్తగానే ఉంటుంది.

దించిన వెంటనే, ఇంకా బుసబుసలాడుతుండగానే, పైన వెన్న పూయండి. పది నిమిషాలు టిన్నులో ఉంచి, తీగల జాలీ మీదికి తిప్పి, పొడి నూలు గుడ్డ కప్పండి. లోపల్నుంచి వచ్చే ఆవిరి గుడ్డ కింద ఆగి, పై పెంకుని మెత్తబరుస్తుంది. మీరు ఫ్యాను కింద ఆరబెట్టానని రాశారు. ఆ ఆవిరంతా అలా పోయింది.

ఇక ఫ్రిజ్. రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీస్తే గింజ గింజ గట్టిపడి ఉంటుంది, వేడిచేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. అన్నం ఎండిపోలేదు, అందులో నీళ్ళు ఉన్నాయి. ఉడికినప్పుడు విచ్చుకున్న పిండి పదార్థం చల్లారుతున్నకొద్దీ మళ్ళీ బిగుసుకుంటుంది, అందువల్లే ఆ గట్టిదనం. బ్రెడ్డులోనూ ఇదే జరుగుతుంది, సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య, అంటే సరిగ్గా ఫ్రిజ్ వేడిలో, మరీ వేగంగా జరుగుతుంది. మీ బన్నులు ఒక్క రాత్రిలో రాళ్ళయింది అందుకే. బయట, గాలి చొరని డబ్బాలో పెడితే మెత్తదనం రెండు రోజులు ఉంటుంది. విజయవాడ ఉక్కలో మూడో రోజుకి బూజు వస్తుంది కాబట్టి, మిగిలేవాటిని చేసిన రోజే కవర్లో కట్టి ఫ్రిజ్ పైన ఉండే ఫ్రీజర్‌లో వేయండి. ఫ్రీజర్ చలిలో ఆ బిగుసుకోవడం దాదాపు ఆగిపోతుంది. తినేటప్పుడు తీసి, ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగాక చిల్లుల ప్లేటు మీద మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పట్టండి. లోపలి దాకా 60 డిగ్రీలు దాటిందంటే బిగుసుకున్న పిండి మళ్ళీ వదులవుతుంది, అప్పుడే కాల్చినట్టు ఉంటాయి.

బేకరీ బన్ను నాలుగు రోజులున్నా అలాగే ఉంటుంది, మరి మనది ఎందుకు ఉండదు అని కూడా అడిగారు. వాళ్ళు బూజు పట్టకుండా కాల్షియం ప్రొపియోనేట్ వేస్తారు, మెత్తదనం నిలవడానికి ఎంజైములు, కొవ్వునీ నీళ్ళనీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్లు వాడతారు. వీటికి అనుమతి ఉంది. అనుమతి పోయినది, పిండి బాగా పొంగడానికి కలిపే పొటాషియం బ్రోమేట్. 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 38 బ్రెడ్డు, బన్ను వంటి నమూనాలు పరీక్షిస్తే 84 శాతంలో బ్రోమేట్ కానీ, అలాంటిదే అయిన పొటాషియం అయోడేట్ కానీ కనిపించింది. మర్నెలలోనే దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ బ్రోమేట్‌ని నిషేధించింది. మన ఇంటి బన్నులో మైదా, పాలు, వెన్న, చక్కెర లాంటి వంటింటి దినుసులు తప్ప ఏమీ లేవు. అది రెండు రోజులు మెత్తగా ఉంటే నాకు చాలా సంతోషం, మీరూ దాన్ని బేకరీ బన్నుతో పోల్చి నిరుత్సాహపడకండి.

పాపకి కొబ్బరి బన్ను ఇష్టమన్నారు కదా. ఒక కప్పు పచ్చి కొబ్బరి తురుము, ముప్పావు కప్పు కన్నా తక్కువ చక్కెర, చెంచా నెయ్యి, యాలకుల పొడి వేసి కొబ్బరి లౌజు చేసినట్టే బాణలిలో తిప్పండి. తడి పోయి, వేలితో నొక్కితే ఉండ కట్టేదాకా వేయించాలి. తడిగా పెడితే కింద పిండి ఉడకదు. రంగు కోసం చివర్లో టూటీ ఫ్రూటీ కలపొచ్చు. పూర్తిగా చల్లారాక, ముక్కలు చుట్టేటప్పుడు ఒక్కోదానిలో ఒక చెంచా పెట్టి, అంచులు గట్టిగా నొక్కి, మూసిన వైపు కిందికి పెట్టండి. బెల్లం వేయాలన్నా ఈ కొబ్బరిలోనే వేయండి. పిండిలో బెల్లం వాడాలంటే పాకం వడగట్టి, దాంట్లో ఉన్న నీళ్ళకి తగ్గట్టు పాలు తగ్గించాలి, మొదటిసారికి ఆ లెక్కలు వద్దు.

ఆదివారం హడావుడి లేకుండా ఇలా చేయండి. శనివారం రాత్రి ముద్ద కలిపి పెట్టుకోండి. ఈస్ట్ 6 గ్రాముల బదులు 4 వేయండి. పిసికాక అరగంట బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్ వద్దన్నది కాల్చిన బన్నుకే, పచ్చి ముద్దకి చల్లదనం మంచిదే. రాత్రంతా నిదానంగా పొంగి రుచి పెరుగుతుంది, వెన్న గడ్డకట్టి ఉండటం వల్ల పొద్దున చుట్టడం కూడా సులువవుతుంది. కొబ్బరి కూడా శనివారమే చేసి పెట్టుకోండి. కేక్ సాయంత్రం ఆరింటికి కోస్తారనుకుంటే, మధ్యాహ్నం రెండింటికి ముద్ద బయటికి తీసి, చల్లగా ఉండగానే కోసి, కొబ్బరి పెట్టి చుట్టండి. చల్లటి ముద్ద కాబట్టి రెండో పొంగుకి గంట, గంటంబావు పడుతుంది. మూడున్నరకి ఓటీజీ ఆన్ చేయండి, నాలుగు లోపల బన్నులు లోపలికి వెళ్ళాలి. నాలుగుంబావుకి దించి, వెన్న పూసి, గుడ్డ కప్పండి. పిల్లలు వచ్చేసరికి ఇంకా గోరువెచ్చగా ఉంటాయి. వీలైతే ఈ బుధవారమో గురువారమో సగం కొలతతో ఒకసారి చేసి చూసి, ముద్ద ఎలా వచ్చిందో రాయండి. మీ మైదాకి పాలు పెంచాలో తగ్గించాలో అప్పుడు చెబుతాను.